నూకరత్నం ఐసుపెట్టె

డే అండ్ నైట్ జంక్షన్లో, మందులషాపు మెట్ల పక్కన,
సాయంత్రం ఆరున్నరకి
పొయ్యి కంటే ముందు పెట్టె దిగుతుంది.

నీలంరంగు ఐసుపెట్టె.
మూత మీద సగం చెరిగిన పడవ నంబరు.
కళింగపట్నం నుంచి శ్రీకాకుళం దాకా
పదేళ్లు వంజరాల్ని, చందువల్ని చల్లగా మోసింది.
ఇప్పుడు చపాతీల్ని వేడిగా కాస్తోంది.

సూరాడ నూకరత్నానికి ఇందులో వింతేం లేదు.
"దానికేటి తెలుసు బాబూ, సలవో ఏడో?
నువ్వేటిస్తే అది అట్టే పెడతాది"
అంది, పిండి చేత్తో నుదురు తుడుచుకుంటూ.

నాకు షుగరని తేలి నెల.
మూడు పూటలా అన్నం తిన్న నోరు
రాత్రయ్యేసరికి అలిగి కూచుంటుంది.
కాంతామణి చేతికి గోధుమపిండి కొత్త,
ఇంట్లో చేసినవి అప్పడాలవుతున్నాయి.
అందుకని స్టీలు హాట్‌బాక్సు పట్టుకుని వరసలో నిలబడ్డాను.
మా తోడల్లుడి గృహప్రవేశంలో ఇచ్చింది,
మూత మీద చుక్కలు చుక్కలుగా వాళ్ల పేర్లు, తేదీ.
ఇన్నాళ్లూ అందులో బొత్తాలు, రబ్బరు బేండ్లు, గ్యాసు బుక్కు.

వరసలో అందరి చేతుల్లోనూ ఏదో ఒక డబ్బా.
ఎవరూ ఎవర్నీ అడగరు,
అడక్కుండానే చెప్పుకుంటారు:
"తినకముందు నూట ఎనభై."
"నాది తిన్నాక మూడొందలు."

మొదటి రోజు తొందరపడ్డాను.
పెనం మీంచి దించింది దించినట్టే వేసుకుని
మూత బిగించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"అలా మూసీకండి. సెమట్లు పట్టి
అడుగుది ముద్దయిపోద్ది.
ఏడిదాన్ని ఒక్క నిమసం ఊపిరి తియ్యనియ్యాల.
కింద గుడ్డ, పైన గుడ్డ. అప్పుడు మూత."
గుడ్డంటే ఆవిడ పాత ముతక చీర, నాలుగు మడతలు.
అది ఆవిరిని తాగుతుంది, వేడిని తాగదు.
ఈ తేడా
ముప్ఫైరెండేళ్లు ఇంటి కోపాల మీద మూతలు బిగించిన నాకు
ఎవరూ చెప్పలేదు.

వాసన రాదా అని ఒక టీచరమ్మ అడిగింది.
చింతపండు పెట్టి తోమిందట, పసుపు, బూడిద,
మూడు వారాలు ఎండలో నోరు తెరిపించి కూచోబెట్టిందట.
"ఇంకేటి సెయ్యమంతారు, గంగలో ముంచమంతారా?
గంగలోంచే కదా వొచ్చింది!"

చేపల తట్టతో బస్సెక్కితే
జనం ముక్కు మూసుకుని పక్కకి జరిగేవారట.
ఇప్పుడు ఆ జనమే దగ్గరికి జరుగుతున్నారు.
ఈ మాట నవ్వుతూనే చెప్పింది.
నేను నవ్వలేదు.
ఆ బస్సులో కిటికీ పక్క సీటు నాదే అయ్యుండొచ్చు.

వేట నిషేధం ఎత్తేసిన రోజు పెట్టె రాలేదు.
మరిది పట్టుకెళ్లాడట, మొదటి వేట,
ఐసుకి పెట్టెలు చాల్లేదు.
ఆ రాత్రి చపాతీలు వెదురు తట్టలో,
జొరమొచ్చిన గుంటడిలా బొంత కప్పుకుని.
ఎనిమిదింటికే చల్లారిపోయాయి.
ఎవరూ ఏమీ అన్లేదు గాని
నాలుగు కొనేవాళ్లు రెండు కొన్నారు.

మర్నాడు పెట్టె తిరిగొచ్చింది.
తోమింది, కడిగింది, ఎండే లేదు, ముసురు.
"ఈయేల సేపల వోసనొస్తే తిట్టుకోకండి!
వొద్దన్నోలు ఎల్లిపోండి!"
ఇద్దరు వెళ్లిపోయారు.
టీచరమ్మ ఉంది.

ఇంటికొచ్చి మూత తీశాను,
లోపల రెండే రెండు చుక్కలు.
గుడ్డ విప్పితే
గోధుమ వాసన వెనక, చాలా వెనక,
ఉప్పు.
కరిగిన ఐసు, తడిసిన తాడు, తెల్లారగట్ల రేవు.
"ఇదేంటండీ" అని కాంతామణి ముక్కు చిట్లించింది,
ఒక ముక్క తుంచి చూసింది,
ఇంకో ముక్క తుంచింది.

నెల రోజుల్లో మొదటిసారి
నా నోరు అన్నం కోసం ఏడవలేదు.
నాలుగూ అయిపోయాయి.
బీరకాయ కూర గిన్నె మీద
మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.